పెరటివైపు

ఆరంగుళాలంటే ఆరంగుళాలే, ఇందులో పొరపాటు పడేందుకేముంది, ఇనుప స్కేలు పెట్టి ఒకటికి పదిసార్లు కొలిచానే అనుకుంటూ ఆయన వంగి చూశాడు, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు, పక్క బల్ల మీది పట్టాలు జనం నిలబడే అంచుకి ఆరంగుళాల దూరంలో ఉన్నాయి, తన బల్ల మీది పట్టాలు అవతలివైపు, రైళ్లు నడిపేవాళ్లు నిలబడే అంచుకి ఆరంగుళాల దూరంలో ఉన్నాయి, రెంటికీ మధ్య నిండా అడుగు ఎడం, మాటల్లేని తోడికోడళ్లలా చెరో మూలా నిలబడ్డాయి, ప్రదర్శన తలుపులు తెరవడానికి ఇంకా నలభై నిమిషాలే ఉంది, హాలు బయట అప్పుడే ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయి, బొమ్మ రైళ్ల క్లబ్బులో పదకొండు మంది సభ్యులు, పదకొండు బల్లలు, ఎవరింట్లో వాళ్లు ఏడాదంతా కూర్చుని చేసుకున్నవి, ఈ ఉదయం తెచ్చి వరసగా బోల్టులు బిగిస్తే బొమ్మ రైలు హాలంతా చుట్టి వచ్చే దారి అవుతుంది, పదీ బిగించడం అయిపోయింది, మిగిలిన ఆ ఒక్కటీ తనది, ముప్ఫై రెండేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాడిది, చెవులు వేడెక్కుతున్నట్టు తెలుస్తోంది ఆయనకి, ఏంటి మాస్టారూ, మీ రైలు మాతో రానంటోందా అన్నాడు గార్డు, ఒకప్పుడు మందుల షాపు నడిపిన మనిషి, మెళ్లో ఈల, చేతిలో పచ్చజెండా లేకుండా క్లబ్బులో అడుగుపెట్టడు కనక అందరికీ గార్డే, వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, లెక్కల్లో ఎడమా కుడీ చెప్పరు కాబోలు అన్నారు ఇంకెవరో, నవ్వచ్చు, వాళ్ల స్థానంలో ఉంటే తనూ నవ్వేవాడే, కానీ టైలరు మాత్రం నవ్వలేదు, క్లబ్బుకి నక్షాలు గీసేది ఆయనే, మాస్టారు తెచ్చుకున్న నక్షా చేతిలోకి తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసి మెడ వెనక రుద్దుకున్నాడు, తప్పు నాది మాస్టారూ, నేను గీసింది మనవైపు నుంచి, వెనకనుంచి, బట్ట మీద గీత ఎప్పుడూ తిరగేసి గీస్తాం కదా, చెయ్యి అలా పోయింది, కింది అంచు మనది, పై అంచు జనానిది అని మీటింగులో అందరికీ చెప్పాను, ఆ రోజు మీరు, అని అక్కడితో ఆగిపోయాడు, ఆ రోజు మీరు రాలేదు అనాలి, అనలేకపోయాడు, చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఒక్కసారిగా స్క్రూలతోనూ వైర్లతోనూ ఏదో పని పడింది, ఆ రోజు తాను ఎక్కడున్నాడో వీళ్లందరికీ తెలుసు, ఆసుపత్రిలో, లోపల భార్య, బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో తాను, గోడ మీద గడియారం చూస్తూ, ఆ తరవాత ఎన్నాళ్లకో బంధువులంతా వెళ్లిపోయాక టపాలో నాలుగు మడతల కాగితం ఒకటి వచ్చింది, విప్పితే ఒక్క ఓదార్పు మాట లేదు, అన్నీ కొలతలే, నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అంచుకి ఆరంగుళాలు, ఆ వారంలో ప్రాణానికి హాయిగా అనిపించింది ఆ కాగితం ఒక్కటే, అది తిరగేసి ఉందేమోనన్న ఆలోచనే రాలేదు, కింది అంచు జనానిదే అనుకుని మొదలుపెట్టేశాడు.

తిప్పేస్తే సరిపోదూ అంది పళ్ల డాక్టరమ్మ, ఈ క్లబ్బులో అందరికంటే చిన్నది, తనని బాబాయిగారూ అని పిలుస్తుంది, తిప్పేస్తే అంటే, అంటే బల్ల మొత్తం అటుదిటు చేసేస్తే పట్టాలు ఇటొచ్చేస్తాయి కదా బాబాయిగారూ, నలుగురూ నాలుగు మూలలూ పట్టుకుని, జాగ్రత్త, గుమ్మం తగులుద్ది, నీ వీపు తగలకుండా చూసుకో ముందు అనుకుంటూ తిప్పారు, తీరా చూస్తే పట్టాలు పట్టాలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి, కలవవూ మరి, కొలతలన్నీ టైలరు గీసినట్టే ఉన్నాయి, అడ్డం తిరిగింది ఇళ్లే, ఆయన గుండె ఒక్క క్షణం తేలికపడి మళ్లీ జారింది, ఎందుకంటే ఇప్పుడు జనం నిలబడే వైపుకి వచ్చినవి ఇళ్ల వీపులు, జనం కోసమని ఆయన ప్రాణం పెట్టి చేసిన ముందువైపంతా, ఒంటి వెంట్రుక కుంచెతో అక్షరాలు రాసిన తపాలా ఆఫీసు బోర్డు, అద్దాల తలుపుల మంగలి షాపు, రంగులు వేసిన వీధి అరుగులు, అన్నీ ఇప్పుడు రైళ్లు నడిపేవాళ్ల బొజ్జల కేసి చూస్తున్నాయి, ఇక వెనకవైపు, అది ఎవరికోసమూ చేసింది కాదు, ఇంట్లో ఆయన కుర్చీ పట్టాలవైపు ఉండేది, రైలింజను నడిపి చూసుకోవాలి కదా, అటు కూర్చుంటే ఎదురుగా కనపడేవి ఇళ్ల వీపులే, మొదట బోడి గోడలు, కొన్నాళ్లకి బోసిగా ఉన్నాయని ఒక నీళ్ల గొట్టం, తరవాత వంటింటి కిటికీ పైన కాస్త పొగమసి, తరవాత కుట్టుదారంతో బట్టలు ఆరేసే తీగ, దాని మీద గోరంత చొక్కాలు, పిడి ఊడిన బకెట్టు, దాని పక్కన దొంగచూపుల పిల్లి, పొద్దున్న కాఫీ తాగి కూర్చుంటే ఎండ బల్ల దాకా వచ్చేలోగా ఏదో ఒకటి, అలా రెండు నెలలు గడిచాక ఓ పొద్దున మూడో ఇంటి వెనక మెట్టు మీద ఆమె వచ్చి కూర్చుంది, రెండు సెంటీమీటర్లు లేదు, ఒళ్లో చేట, చేటలో ఆవగింజలంత బఠాణీలు, ఎవరూ చూడరన్న ధైర్యంతోనే చేశాడు, ఇళ్ల వెనక ఎవరు చూస్తారు.

వద్దులెండి, తీసేయండి, సెలవు చీటీ పెట్టేయండి అన్నాడు ఆయన, గొంతు తాననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది, సెలవు చీటీ అంటే క్లబ్బులో అందరికీ హడలు, ఇల్లూ చెట్టూ ఏమీ లేని బోడి బల్ల, రెండు పట్టాలు తప్ప మరేం ఉండవు దాని మీద, తలుపులు తెరిచే ముందు రైలు మూడు చుట్లు తిరగాలి, ఎవరి బల్ల మీద పట్టాలు తప్పితే వాళ్ల బల్ల ఊడదీసి టేబుల్ కిందకి తోసి ఆ బోడిబల్ల బిగిస్తారు, ఏడాది కష్టం ప్రదర్శన జరిగే రెండు రోజులూ అట్టపెట్టెల మధ్య పడుకుంటుంది, నోరు తెరిచి సెలవు చీటీ కావాలని అడిగిన సభ్యుడు ఇంతవరకూ లేడు, గార్డు ఆయన్ని ఎగాదిగా చూశాడు, సెలవు ఊరికే ఇవ్వం మాస్టారూ, జ్వరం చూపించాలి, రైలు పడితే తీస్తాం, పడకపోతే మీరడిగినా తియ్యం, నియమం నియమమే, అది కాదండీ, అటువైపు చూపించడానికని చేసింది కాదు, ఏం, బానే ఉందిగా, మా ఇంటి వెనక ఇంతకంటే ఘోరంగా ఉంటుంది అని ఈల నోట్లో పెట్టుకున్నాడు గార్డు, డాక్టరమ్మ ఈలోగా తన పళ్ల సామాను సంచీలోంచి సన్న ఆకురాయి తీసి అతుకు దగ్గర పట్టా కొస అరగదీస్తోంది, కదలకూడదు, అయిపోయింది, నొప్పి తెలీదు అంటోంది పట్టాతో, ఇంకేం చేస్తాడు, నియమం ప్రకారం తన బల్ల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, పెద్దమ్మ బయలుదేరింది, క్లబ్బులో అన్నిటికంటే పాత ఇంజను, పద్నాలుగు పెట్టెలు లాగుతుంది, ఎక్కడ పడినా మొదట పడేది అదే, మొదటి చుట్టు, టైలరు చేసిన వంతెన దాటింది, డాక్టరమ్మ చేసిన సొరంగంలో దూరింది, పడిపోతే బావుణ్ణు అనిపించింది ఆయనకి, పడిపోతే ఆమె టేబుల్ కింద చీకట్లో చల్లగా ఉంటుంది, ఎవరి కంటా పడదు, ఎవరూ వేలు పెట్టి చూపించరు, ఇదేమిటి అదేమిటి అని అడగరు, అంతలో రైలు అతుకు దగ్గరికి వచ్చేసింది, టక్కున చిన్న చప్పుడు, ఒక్కో పెట్టే టక్కు టక్కు టక్కు, ఆయన ఊపిరి బిగబట్టి పడకు పడకు అనుకుంటున్నట్టు ఎనిమిదో పెట్టె దగ్గర గానీ ఆయనకే తెలీలేదు, రెండో చుట్టు, మెట్టు మీద కూర్చున్నామె మొహం మీదుగా కిటికీల నీడలు పరిగెత్తాయి, ఇంట్లో ఒక్క ఇంజనే నడిపేవాడు, ఇంత పొడుగు రైలు ఆమె ముందు నుంచి పోవడం ఇదే మొదటిసారి, బొమ్మని టేబుల్ కింద దాచితే ఎవరికి మేలు, నిజంగా భయపడుతున్నది దేనికి, ఈ మధ్య ఆమె చెదిరిపోతోంది, అదీ భయం, నవ్వు గుర్తుంది, నవ్వే ముందు ఏం చేసేదో గుర్తులేదు, పచ్చచీర గుర్తుంది, అంచు ఏ రంగో చెప్పలేడు, పిల్లల్లేని ఇల్లు, అటు పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదు, ఆమె ఇలా ఉండేది అని చెప్పవలసినవాడు తానొక్కడే, ఆ ఒక్కడూ మతిమరుపు మనిషి, అందుకే ఆ రెండు సెంటీమీటర్లు, ఇవాళ నలుగురూ చూసి ఇదేం బొమ్మ అంటే ఆ కాస్తా చెరిగిపోతుందేమో, మూడో చుట్టు, పెద్దమ్మ రొప్పుతున్నట్టే వచ్చింది, అతుకు దగ్గర పదమూడో పెట్టె ఒక్కసారి తూలింది, డాక్టరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, తూలి నిలబడింది, పద్నాలుగోది దాని వెనకే బుద్ధిగా పోయింది, ఈల మోగింది, పచ్చజెండా ఆడింది, ఆయన ఒంట్లోంచి ఏదో బరువు కిందకి దిగిపోయినట్టయింది, ఎంత సేపట్నుంచి మోస్తున్నాడో దిగాకే తెలిసింది.

తలుపులు తెరిచారు, జనం లోపలికి వచ్చి ఎక్కడివాళ్లక్కడ వంతెన దగ్గరా సొరంగం దగ్గరా మూగారు, అది సహజమే, తన బల్ల ముందు ఎవరూ ఆగకపోతే మరీ మంచిది అనుకుంటూ ఆయన పక్కకి ఒదిగి నిలబడ్డాడు, భుజాన సంచీ, చేతిలో గొడుగు ఉన్న ఒకావిడ ఆగింది, అయ్యో చూడండి, నేను రోజూ రైల్లోంచి చూసేది ఇదే అంది, ఎవరితోనో కాదు తనతోనే, ఇరవయ్యేళ్లుగా రైల్లోనే ఆఫీసుకి పోతున్నాను, స్టేషనొచ్చేదాకా ఊళ్లన్నీ నాకు వెనకనుంచే కనపడతాయి, బకెట్లు, ఆరేసిన బట్టలు, ఎవరో ఒకరు కూర్చుని ఏదో ఒలుస్తుంటారు, మీకెలా తెలిసింది, తెలిసి కాదండీ, పొరపాటు అన్నాడు ఆయన, పొరపాటైతే నిండు నూరేళ్లుండాలి ఆ పొరపాటు అని నవ్వి ఇంకా కిందకి వంగింది, ఈ మెట్టు మీదావిడ రైలు కేసి తలెత్తి కూడా చూడటం లేదే, చూడదండీ, పని అయ్యేదాకా చూడదు అన్నాడు ఆయన, అన్నాక గాని తాను అన్నది చెవికి తగల్లేదు, చూడదు అన్నాడు, చూసేది కాదు అనలేదు, ఏమీ చెరిగిపోలేదు, ఆవిడ వెనక ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక ఓ కుటుంబం, పిల్లి ఎక్కడుందో కనిపెట్టడానికి పోటీ పడుతున్నారు, ఒకాయన నీళ్ల గొట్టం నాచు చూసి మా ఇంట్లో అచ్చు ఇదే, పెయింటు వేయించమని మా ఆవిడ పోరు అని గోల పెడుతున్నాడు, వాళ్లావిడ ఆయన మోచెయ్యి గిల్లింది, నలుగురిలో చెప్పాలా, చల్లగాలి తగిలినట్టుంది ఆయనకి.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక టైలరు రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చాడు, ఒకటి ఆయన చేతిలో పెట్టి బల్ల ముందు గొంతుక్కూర్చుని చూశాడు, టైలరు కళ్లు, దారం మందం కూడా పట్టేస్తాయి, మాస్టారూ, ఏమీ అనుకోకపోతే ఓ మాట, అక్కయ్యగారే కదా, ఆయన తలూపాడు, ముందు చూడగానే అనుకున్నా, ఆ మెడ వంచడం ఇంకెవరికుంది, కానీ కాలు మాత్రం మీరు తిరగేశారు, కాలేమిటి, అక్కయ్యగారు మడుచుకు కూర్చునేది ఎడమ కాలు మాస్టారూ, కుడిది కాదు, కుడి మోకాలు పట్టేసేది కదా, మూడేళ్లు వరసగా మన ప్రదర్శనలకి వచ్చి మీకోసం వెనక మెట్ల మీద కూర్చునేవారు, మా ఆవిడ పక్కన చేరి కబుర్లు, నూనె కూడా ఇచ్చింది రాసుకోమని, ఆయన బొమ్మ కేసి చూశాడు, కుడి మోకాలు, ఇంటినిండా నూనె వాసన, అయ్యో అవును కదా, ఎలా మరిచిపోయాడు, గుండె కలుక్కుమనాల్సింది, అనలేదు, ఎడమదే బాబాయిగారూ, నేనూ సాక్ష్యం అంది వైర్లు సర్దుతున్న డాక్టరమ్మ తలెత్తకుండానే, నా దగ్గరికి పన్ను పీకించుకోడానికి వచ్చి ఆ కుర్చీలో కూడా ఎడమ కాలు మడుచుకు కూర్చున్నారు, కాలు చాపండి పిన్నిగారూ అంటే, పీకేది పన్నైతే కాలితో నీకేం పనే అన్నారు, ఈ మాట ఆయనకి తెలీదు, ఆ రోజు తాను బయట గదిలో పేపరు చదువుతున్నాడు, ఆమె కూడా ఎప్పుడూ చెప్పలేదు, ఏడాది తరవాత ఆమె అన్న కొత్త మాట ఒకటి విన్నాడు, నవ్వొచ్చింది, టీ ఒలికేంత నవ్వొచ్చింది, నన్నూ వదల్లేదు ఆవిడ, ఈల ఊదినంత తేలిగ్గా మందు ఖరీదు తగ్గించవేం అనేవారు అని గార్డు అవతలివైపు నుంచి అరిచాడు, కాలు మారుద్దామా మాస్టారూ, సన్న బ్లేడుంది నా దగ్గర అంటున్నాడు టైలరు, రేపు చూద్దాం లెండి, ఇప్పుడు కూర్చోండి, అన్నాడు ఆయన, పెద్దమ్మ మళ్లీ వస్తోంది, టక్కు టక్కు టక్కు, తనకి గుర్తులేని కాలు టైలరు దగ్గర ఉంది, తాను వినని మాట డాక్టరమ్మ దగ్గర ఉంది, ఈల గురించి గార్డు దగ్గర, నూనె గురించి టైలరు భార్య దగ్గర, తానడగలేదు కనక ఎవరూ చెప్పలేదు అంతే, ఎవరికి తోచింది వాళ్లు ఇన్నాళ్లూ భద్రంగానే ఉంచారు, రేపు తాను ఇంకొంచెం మరిచిపోయినా ఫరవాలేదు, ఆమె ఎక్కడికీ పోదు.