వరుసలో చివరి సైకిలు

ఆ ఇంట్లో సైకిళ్ళ మీద ఎక్కడికి వెళ్ళినా ఒక పద్ధతి ఉండేది. అందరూ వరుసగా పోవాలి. మలుపు వచ్చినప్పుడల్లా చివరివాళ్ళు గంట కొట్టాలి, వెనక మేమున్నామని. సైకిళ్ళు బాగుచేసే షాపు నడిపిన పెద్దాయన పెట్టిన పద్ధతి అది. చివరి చోటు ఎప్పుడూ ఆయనదే. నిరుడు ఆయన పోయాక ఇదే మొదటి సెలవు ప్రయాణం. ఎవరూ అనకుండానే ఆ చోటు పెద్దావిడకు వచ్చింది.

అద్దెకు తీసుకున్న ఇంటి ముందు కొడుకు ఆమె సీటు కిందికి దించాడు.

"కాళ్ళు అందుతున్నాయా అమ్మా?"

"అందకపోతే సాగదీస్తావా ఏంటి? పద పద."

సరస్సు చుట్టూ దారి నున్నగా ఉంది. చల్లగాలి మొహానికి తగులుతుంటే ఆమెకు హాయిగానే అనిపించింది. అందరికంటే ముందు కొడుకు, తర్వాత మనవరాలు, ఆ తర్వాత కోడలు. మొదటి మలుపులో గంట కొట్టింది. రెండో మలుపులోనూ కొట్టింది. ఒక్కరూ తల తిప్పలేదు. తను ఆగిపోతే వీళ్ళకు తెలుస్తుందా అన్న అనుమానం పురుగులా తొలిచింది. తర్వాతి మలుపులో గంట కొట్టకుండా కాలు కింద పెట్టి నిలబడింది.

కోడలి పచ్చ చున్నీ చెట్ల చాటుకు పోయింది. ఎవరూ వెనక్కి రాలేదు. ఏడ్చినా చూసేవాళ్ళెవరని మళ్ళీ తొక్కింది.

పడవల రేవు దగ్గర ముగ్గురూ బెంచీ మీద కూర్చుని బిస్కెట్లు తింటున్నారు.

"తాబేలు వచ్చేసింది!" అంది మనవరాలు.

"నా గంట వినబడిందా?"

"వినబడకేం అత్తయ్యా! ప్రతి మలుపులోనూ వినబడుతూనే ఉంది," అంది కోడలు బిస్కెట్ అందిస్తూ.

ఆ మొహంలో అబద్ధం లేదు. అలవాటు పడ్డ చెవికి మోగని గంట కూడా మోగినట్టే ఉంటుంది కాబోలు. పెద్దావిడ బిస్కెట్ కొరకబోయి ఆగింది. ఇన్నేళ్ళూ ఆయనకు ముందు, ఇప్పటి కోడలి చోటులో తొక్కింది తనే. ఆయన ఎన్ని మలుపుల్లో గంట కొట్టకుండా ఊరుకున్నాడో, ఎక్కడెక్కడ నిలబడి తన వీపు కనుమరుగయ్యేదాకా చూశాడో! తను ఒక్కసారైనా తిరిగి చూసిందా?

తిరుగుదారిలో మనవరాలు ముందు పోతానంది. కొడుకు తల్లి వెనక చేరాడు. ఆవిడ మాటిమాటికీ వెనక్కి చూస్తుంటే సైకిలు వంకర్లు పోతోంది.

"ముందు చూసి తొక్కమ్మా, నీళ్ళల్లో పడతావు! నేనెక్కడికి పోతాను?"

"అందరూ అలాగే అంటారురా," అని హ్యాండిల్ సరిచేసుకుంది. కాస్త దూరం పోయిందో లేదో, మళ్ళీ తిరిగి చూసింది.