మంచి పొరుగు బిరుదు

దబీర్‌పురా రైలు పట్టాల పక్కన పవనహర్ష కెమికల్స్ ముందు గేటు దగ్గర సక్కుబాయి పూలకుండీలు సర్దుతున్నప్పుడే, వెనక గేటులోంచి ఆమె మొగుడు ఎల్లయ్యను తోపుడుబండి మీద బయటికి పంపించారు. ముందు గేటులోంచి పంపడానికి వీల్లేదు మరి. అక్కడ అతిథులు దిగుతున్నారు.

అతిథులంటే రసాయన కంపెనీల యజమానుల సంఘం పంపిన పరిశీలకులు. ఆ సంఘం ఒక పథకం పెట్టుకుంది. గాలినీ నీటినీ ఎంత శుభ్రంగా ఉంచుతున్నామో మాకు మేమే స్వచ్ఛందంగా కొలుచుకుంటాం, మధ్యలో సర్కారు పెత్తనం ఎందుకు అంది. పరీక్ష రాసేదీ వాళ్లే, దిద్దేదీ వాళ్లే, పాసయ్యామని మిఠాయిలు పంచుకునేదీ వాళ్లే. ఏడాది పొడుగునా బస్తీ బావుల్లోకి పచ్చటి కంపునీళ్లు తోలిన కంపెనీ, ఆ వారం మాత్రం గోడలకు సున్నం కొట్టించింది. ఎక్కడినుంచో గడ్డి తెప్పించి పరిపించింది. మురుగు తొట్టి కూడా తళతళలాడాలని కాంట్రాక్టు కూలీలను అందులోకి దింపింది. తాడు లేదు, ముక్కుకు ముసుగు లేదు. ముందు దిగిన ఎల్లయ్య ఆవిరి కమ్మేసి కూలిపోయాడు. తోటి కూలీ అంజన్ ఊపిరి బిగబట్టి దిగి పైకి లాగేసరికే అతను కళ్లు తేలేశాడు.

అంజన్ పరుగున వచ్చి చెప్పినప్పుడు సక్కుబాయి చేతిలో బంతిమొక్క ఉంది. మిగిలిన కుండీలు కూడా సర్ది వెళ్లమన్నాడు సూపర్‌వైజర్ రఘురామ్. ఆమె ఆ మొక్కను అతని కాళ్ల దగ్గర పడేసి పరుగెత్తింది. కంపెనీ జీపు అతిథులకు భోజనాలు తేవడానికి పోయింది. ఆసుపత్రికి పోయే దారిలో తోపుడుబండి నయాపూల్ రద్దీలో చిక్కుకున్నచోటే, ఆమె అరచేతి కింద ఎల్లయ్య గుండె ఆగిపోయింది.

దినాలయ్యాక సక్కుబాయి కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. అంజన్, బస్తీలో చాయ్ హోటల్ నడిపే పెద్దమనిషి బాబూమియా తోడు వెళ్లారు. పర్యావరణ మేనేజర్ ఉమాపతి కోస్తానుంచి వచ్చినవాడు, మాట మెత్తన. కుర్చీలు వేయించాడు, విచారం ప్రకటించాడు. ఆ తర్వాత, పరిశీలకుల నివేదికలో కంపెనీకి ఒక్క ప్రమాదమూ లేదని వచ్చింది కదా అని అంజన్ నిలదీస్తే, ఏమాత్రం తొట్రుపడలేదు.

"ఎల్లయ్య కాంట్రాక్టరు మనిషండి. మా పథకంలో కంపెనీ ఉద్యోగులకు జరిగినవే ప్రమాదాల కింద లెక్క. ఆ రూలు నేను పెట్టింది కాదు."

సక్కుబాయి కుర్చీలోంచి లేచింది. "ఊపిరి మీ తొట్ల ఆగిపాయె సారూ. సావు మాత్రం కాంట్రాక్టర్‌దా?"

ఉమాపతి బాబూమియా వైపు తిరిగి, వచ్చే శుక్రవారం కంపెనీకి 'మంచి పొరుగు' బిరుదు ఇస్తున్నారని, బస్తీ తరఫున వేదికెక్కి రెండు మంచి మాటలు చెప్పాలని కోరాడు. శాలువా కప్పుతారట. ఆ తర్వాత బస్తీకి నల్లా నీళ్లు ఇప్పించే సంగతి కూడా ఆలోచిస్తారట.

ఆ సాయంత్రం చాయ్ హోటల్ ముందు జనం కూడారు. పెద్ద లొల్లి అయింది. జరీ పని చేసే హఫ్సా కూలీల మీదే విరుచుకుపడింది. లోపల కంపునీళ్లు వదిలే వాల్వులు తిప్పేది మీ చేతులే కాదా అంది. ఆ బావినీళ్లకు ఆమె బిడ్డ ఒళ్లంతా పుండ్లు. కంపెనీ మూతపడితే మా పొయ్యిల్లో పిల్లులు పడుకుంటాయని కూలీలు ఎదురు తిరిగారు. అర్జీ పెడదామన్నారు కొందరు. ఇప్పటికి పెట్టిన అర్జీలు ఏ గంగలో కలిశాయని అడిగారు మరికొందరు. చివరికి అంజన్ చొక్కా విప్పి చూపించాడు. అతని వీపు మీదా అవే పుండ్లు. హఫ్సా జరిగి, తన పక్కన అతనికి చోటిచ్చింది.

ఎన్ని శాలువాలు కప్పినా ఆ గేటు తొక్కనన్నాడు బాబూమియా.

"ఎందుకు పోవు బాబూ భాయ్, పోవాలె," అంది సక్కుబాయి. "గాని ఒక్కనివి కాదు. గా గేటు పట్టేటంత మందిమి పోదాం."

శుక్రవారం షామియానా కింద పన్నీరు చల్లుతున్నారు. యజమానుల సంఘం అధ్యక్షుడు మైకు ముందు నిలబడి, తమది చట్టానికి భయపడే మంచితనం కాదని, మనసులోంచి పుట్టిన మంచితనమని సెలవిస్తున్నాడు. గేటు దగ్గరి కూలీలు తలుపులు బార్లా తెరిచారు. బురఖాలు, గోచీ చీరలు, నూనె మరకల చొక్కాలు కలిసికట్టుగా లోపలికి వచ్చి ముందు వరుస సోఫాల్లో కూర్చున్నాయి. చందనం రాసుకున్న పెద్దలు వాసనేదో తగిలినట్టు ముక్కులు చిట్లించారు. బాబూమియా వేదికెక్కి, శాలువా పట్టుకొచ్చిన చేతిని పక్కకు నెట్టి, మైకు సక్కుబాయికి అందించాడు.

"మార్కులేసిన సార్లెవరో లేవుండ్రి," అందామె నిదానంగా. "తొట్టి సూడకనే మార్కులేసిండ్రట. ఇయ్యాల సూపిస్తం. నా మొగడు దిగినట్టే దిగుండ్రి, తాడు లేకుండ."

ఎవరూ లేవలేదు. పరిశీలకుల్లో ఒకడు బూట్ల వైపు చూసుకున్నాడు. ఇంకొకడు కారు తాళాలు తడుముకున్నాడు. జనం లేచి వేదిక చుట్టూ నిలబడేసరికి, మనసులోంచి పుట్టిన మంచితనమంతా కుర్చీలు తన్నుకుంటూ కార్లకేసి పరుగు తీసింది.

పోలీసులు వచ్చి లాఠీలు ఝుళిపించారు. సక్కుబాయినీ అంజన్‌నూ వ్యాన్ ఎక్కించారు. స్టేషన్లో ఎస్సై, తప్పయిందని వేలిముద్ర వేస్తే ఇంటికి పంపిస్తానన్నాడు. బయటినుంచి నినాదాలు గోడలు దాటి వస్తున్నాయి. కూలీలంతా బాయిలర్లు ఆర్పేసి వచ్చారని, పక్క కంపెనీల కాంట్రాక్టు కూలీలు కూడా వాళ్లతో రోడ్డు మీద బైఠాయించారని కిటికీలోంచి హఫ్సా అరిచి చెప్పింది.

సక్కుబాయి వేళ్లు ముడిచి పిడికిలి చేసింది.

"నా మీద కేసు రాసుకో సారూ, ఫికర్ లేదు. దానికి ముందుగాల ఇంకో కేసు రాయి. ఎల్లయ్య కంపెనీ తొట్ల పడి సచ్చిండని, వాన్ని దింపినోళ్ల పేర్లతోని రాయి. గది రాసిందాక నువ్వు పొమ్మన్నా నేను పోను. గా బయటున్నోళ్లు గూడ పోరు."

ఎస్సై లేచి కిటికీ మూయబోయాడు. అవతలినుంచి జనం చేతులు చువ్వల్ని పట్టుకుని ఉన్నాయి. రెక్క మూతపడలేదు.