పన్నెండున్నర బస్సు

బావమరిది దిగిన హోటల్లోనే కింది అంతస్తులో ఇటాలియన్ రెస్టారెంట్ ఉంది. లాబీ దాటాక మెట్లు దిగాలి. అత్తగారు మొదటి మెట్టు దగ్గర ఆగి, "ఎన్ని మెట్లో కనుక్కోరా," అన్నారు కొడుకుతో. కనుక్కోవలసింది నా దగ్గర. నేను ఆవిడ పక్కనే ఉన్నాను.

"మూడే, అత్తయ్యగారూ," అన్నాను.

"మూడేనట," అని కొడుక్కి చెప్పి, గోడ పట్టుకుని దిగారు.

ముప్పై ఏళ్ళుగా ఇంతే. అల్లుడితో సూటిగా మాట్లాడటం ఆవిడ వల్ల కాదు. నా భార్య ఉన్నన్నాళ్ళూ ఆ మాటలన్నీ తన మీదుగా నాకు చేరేవి. "మీ ఆయనకి నీళ్ళు పెట్టానని చెప్పవే." తను పోయాక, ఏడాదిన్నర పైగా, వంటింటి తలుపుతో చెబుతున్నారు. "వడ్డించానని చెప్పాలి," అంటారు తలుపుకేసి చూసి. తలుపు చెప్పదు కాబట్టి నేనే లేచి వెళ్తాను.

కూతురి జబ్బులో సాయానికని ఒక్క సూట్‌కేసుతో వచ్చారావిడ. అంతా అయిపోయాక వెళ్ళమని నేను అనలేదు, వెళ్తానని ఆవిడా అనలేదు. ఇప్పుడు బావమరిది కంపెనీ మీటింగుకని ఈ ఊరొచ్చాడు. లిఫ్టులు అమ్మే కంపెనీ. రేపు ఉదయం రైలుకి రెండు టిక్కెట్లు తీసుకున్నాడు, రెండోది వాళ్ళమ్మకి. ఆవిడ వెళ్తున్నారో ఉంటున్నారో ఈ భోజనం ముగిసేలోగా తేలాలి.

నిజం చెప్పాలంటే, ఫోన్లో ఆ టిక్కెట్ల మాట వినగానే నాకు కలిగింది బాధ కాదు. ఇక మధ్యాహ్నం బస్సు ఎక్కక్కర్లేదన్న హాయి. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

నేను నీటి సరఫరా ఆఫీసులో పటాలు గీస్తాను, భూమి కింద ఏ గొట్టం ఎటు పోతుందో. ఇంటికీ ఆఫీసుకీ బస్సులో నలభై నిమిషాలు. భార్య పోయిన కొత్తలో రెండు మూడుసార్లు సాయంత్రం ఇంటికి వెళ్ళి చూస్తే, పొద్దున వండిన గిన్నెలు మూతలు తియ్యకుండా అలాగే ఉన్నాయి. నేను తినందే ఆవిడ ముద్ద ముట్టరని అర్థమైంది. అప్పట్నుంచీ రోజూ పన్నెండున్నర బస్సులో ఇంటికొచ్చి, నాలుగు మెతుకులు తిని, రెండుంబావుకల్లా మళ్ళీ బల్ల ముందుంటున్నాను. ఒకరోజు మధ్యాహ్నం కళ్ళు మూతలు పడి, ఒక పెద్ద గొట్టాన్ని సినిమా హాలు నడిమధ్యలోంచి పంపించేశాను. మా అధికారి చూసి, "ప్రేక్షకులకి దాహం తీరుతుందిలెండి," అని తనే చెరిపేశాడు. ఆ మంచితనం నాకింకా గుర్తుంది.

రెస్టారెంట్లో జనం పలచగా ఉన్నారు. మా దగ్గరికొచ్చిన వెయిటరుకి దాదాపు నా వయసే ఉంటుంది. ఒక బూటు పక్కన కుట్టు విడింది, అయినా అద్దంలా మెరుస్తోంది. పెళ్ళి ఆల్బమంత మెనూ ఇచ్చాడు.

"ఇక్కడన్నీ మెత్తగా ఉంటాయమ్మా," అన్నాడు బావమరిది. "నీ కట్టుడు పళ్ళకి పనే ఉండదు."

"ఇంకాస్త గట్టిగా చెప్పు, ఆ మూలవాళ్ళకి వినపడలేదు."

ముందు రొట్టె ముక్కలు, చిన్న గిన్నెలో నూనె వచ్చాయి. "ఇదేంట్రా, భోజనానికి పిలిచి ముందే కడుపు నింపేస్తున్నారు?" అని, అత్తగారు వెయిటరుకేసి తిరిగారు. "బాబూ, ముందు ఆయనకి పెట్టు. ఆయన తిన్నాక నాకు తెద్దువుగాని."

"మావాళ్ళు మూడు ప్లేట్లూ ఒకేసారి పంపుతారమ్మా. పాస్తా చల్లారితే అట్టముక్కే."

"అయితే ఆయన్ని మొదలుపెట్టమని చెప్పు."

ప్లేట్లు వచ్చాక వెయిటరు నవ్వకుండా నా వైపు వంగాడు. "మొదలుపెట్టమంటున్నారు సార్."

"మొదలుపెట్టానని చెప్పండి."

"మొదలుపెట్టారమ్మా."

బావమరిది పొలమారి నీళ్ళు తాగాడు. నాకు మాత్రం ఆ మనిషి మీద ఎక్కడలేని అభిమానం కలిగింది. ఇన్నాళ్ళకి తలుపు కాక ఒక మనిషి దొరికాడు.

కాసేపయ్యాక బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బావా, మీరు మొహమాటపడకుండా చెప్పండి. అమ్మ మీకు బరువైతే తీసుకెళ్తాను. కాకపోయినా తీసుకెళ్తాను."

"మరి అడగడం దేనికిరా?" అన్నారు అత్తగారు.

"మర్యాదకమ్మా."

ఆవిడ ఫోర్కుతో పాస్తాని అటూ ఇటూ తిప్పారు. చీజు తురుముతున్న వెయిటరుతో, "ఆయన చెప్పాక నేను చెబుతానని చెప్పు," అన్నారు.

"మీరు చెప్పాక చెబుతారట సార్," అన్నాడతను, తురుము ఆపి.

'అయ్యో, బరువేమిటి, అదేం మాట' అనడం తేలిక. ఆ మాట గొంతుదాకా వచ్చి, పైకి రావడానికి ఓపిక లేనట్టు అక్కడే ఉండిపోయింది.

"అలిసిపోయాను," అన్నాను. "అత్తయ్యగారి వల్ల కాదు. మధ్యాహ్నం బస్సు వల్ల."

"ఏ బస్సు?" అన్నాడు బావమరిది.

చెప్పాను. వెయిటరు వెళ్ళిపోవలసింది, వెళ్ళలేదు.

అత్తగారు ఫోర్కు కింద పెట్టారు. కొడుకునీ వెయిటరునీ దాటి నన్నే చూస్తూ, "భోజనానికి మీ ఆఫీసువాళ్ళే ఇంటికి పంపుతారు కదా?" అన్నారు.

"ఎక్కడండీ? అరగంటే ఇస్తారు. మిగతాది సాయంత్రం కూర్చుని తీరుస్తాను."

"మీకు పొగలు కక్కుతుంటే గానీ సయించదని కదా..."

"నేనలా ఎప్పుడన్నానండీ?"

"అనాలా? రోజూ అంత దూరం నుంచి పరిగెత్తుకొస్తుంటే ఏమనుకోను? పన్నెండింటినుంచీ ఆ ఉడుకులో నడుం పట్టేసేదాకా నిలబడి, మీ చెప్పుల చప్పుడు వినపడ్డాక పొయ్యి ఆపుతున్నాను. పొద్దున్నే ఇంత ఉడకేసి, పదకొండింటికి తినేసి, ఒళ్ళు వాల్చుకుందామని ఎన్నాళ్ళుగానో ప్రాణం లాగుతోంది."

"మరి కొత్తలో సాయంత్రందాకా తినేవారు కాదు. నాకోసం ఆగుతున్నారని..."

"మీకోసం ఆగడమేంటి?" అన్నారు. గొంతు తగ్గింది. "పిల్ల పోయి అప్పటికి పది రోజులు. నాకు ఆకలన్నదే తెలిసేది కాదు."

పటాల్లో తప్పు గీత గీస్తే చెరపొచ్చు. ఆ మూతలు తియ్యని గిన్నెల్ని నేను మర్యాద అనుకున్నాను. ఏడాదిన్నర పైన ఒకే ఇంట్లో ఉండి, ఆవిడ దుఃఖాన్ని ఒక బస్సు వేళగా మార్చేశాను. ఆవిడేమో ఆ బస్సుని నా తిండియావ అనుకున్నారు.

వెయిటరు మా ముందున్న చల్లారిన ప్లేట్లు నెమ్మదిగా తీశాడు. "వేడి చేయించి తెస్తానండి," అని వెళ్ళాడు. ఎవరూ అడగలేదు.

"మీ ఇద్దరి మర్యాదా మండా!" అన్నాడు బావమరిది, కళ్ళు తుడుచుకుంటూ. "అయితే అమ్మా, రేపు?"

"నీ దగ్గరికొస్తే కోడలు నాకు మర్యాద చేస్తుంది, నేను దానికి చేస్తాను. మళ్ళీ మొదట్నుంచీ మొదలు. ఆ ఓపిక నాకు లేదురా. ఇక్కడ ఆ మర్యాదల పీడ ఇవాళ్టితో వదిలిపోయింది." నావైపు తిరిగారు. "అలాగని మీ నెత్తిన కూర్చోను. వద్దంటే ఇప్పుడే అనండి, రైలుంది. నేనేమీ అనుకోను."

ఫోన్లో టిక్కెట్ల మాట విన్నప్పటి హాయి కోసం లోపల వెతికాను. ఉంది. కానీ అది బస్సుది. ఆవిడ గది ఖాళీ అవుతుందనుకుంటే అందులో హాయేమీ లేదు.

"ఉండండి," అన్నాను. "పొద్దున నా డబ్బా నేనే కట్టుకుంటాను. మధ్యాహ్నం రాను."

"వస్తే తలుపు తియ్యను. పడుకుని ఉంటాను."

బావమరిది జేబులోంచి ఫోను తీసి టిక్కెట్టు చూసుకున్నాడు. "నేనూ ఒక కొడుకుననిపించుకుందామనుకున్నాను," అన్నాడు నవ్వబోయి, నవ్వలేక.

"నెలకోసారి చేసే ఫోను వారానికోసారి చెయ్యి. అనిపించుకోవచ్చు," అన్నారు అత్తగారు. కానీ వాడి చేతిని చాలాసేపు వదల్లేదు.

వాడికి పైన ఇంకో మీటింగు ఉంది. అది అయ్యాక కార్లో దింపుతానని, అంతదాకా ఇక్కడే కూర్చోమని చెప్పి వెళ్ళాడు. నేను కాఫీ తాగి కప్పు పెట్టేసరికి అత్తగారు కుర్చీకి జారబడి నిద్రపోతున్నారు. నోరు కొంచెం తెరుచుకుంది. తక్కిన టేబుళ్ళు ఖాళీ అయ్యాయి. వెయిటరు ఇటు రావడం చూసి నేను సర్దుకున్నాను.

"లేపుతానండి."

"ఎందుకు సార్? ఏడింటిదాకా ఈ టేబుల్ ఎవరికీ ఇవ్వలేదు."

ఆవిడ మొహం మీద ఎండ పడకుండా కర్టెన్ జరిపాడు. నా మోచేతి దగ్గరి గ్లాసులు అవతలికి తీశాడు. అవి ఎందుకు తీశాడో నేను చేతులు టేబుల్ మీద చాపి, తల ఆన్చాక గానీ తెలియలేదు.