"తాళం" పేజీలో ఒకే ఒక్క వాక్యం

ఆ రోజు పొద్దున్న పదకొండింటికి నిప్పుకోడి నెత్తి మీద గిన్నె పెట్టి ఉంటే నీళ్ళు మరిగి, మూత ఎగిరి పైకప్పుకు తగిలేది. ఆఫీసులో చుట్టుపక్కల ముగ్గురు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. నాలుగోవాడు జరుపుకోలేదంటే ధైర్యం కాదు, అతని కుర్చీకి ఒక చక్రం లేదు.

నిప్పుకోడి అని పేరు పెట్టింది ఆమె బాబాయి. పసితనంలో ఏది కనిపిస్తే దాన్ని పొడిచి చూసేదట, పొడవనివ్వకపోతే ఇల్లంతా పరుగులు తీసేదట. పెద్దదై ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరినా ఆ రెండు గుణాలూ పోలేదు. ఆఫీసుకు దగ్గరని బాబాయి, పిన్నిల ఇంట్లోనే ఉంటోంది.

ఆమె కోపానికి కారణం పన్నెండు కుర్చీలు. డయాలసిస్ సెంటరులోవి. మూత్రపిండాలు చేతులెత్తేసిన వాళ్ళు వారానికి మూడుసార్లు అక్కడికి వచ్చి, నాలుగేసి గంటలు కూర్చుని, యంత్రంతో రక్తం శుభ్రం చేయించుకుని వెళతారు. ఎవరు ఏ కుర్చీలో, ఏ గంటకన్నది ముందురోజు ఫోన్లో బుక్ చేసుకోవాలి. ఆ బుకింగు ప్రోగ్రాము నిప్పుకోడి రాసిందే. మూడేళ్ళుగా అది ఎంత బుద్ధిగా నడిచిందంటే, దాన్ని రాసిన మనిషి ఒకతె ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు.

అలాగని మొత్తం ఆమే రాయలేదు. ఎవరూ రాయరు. ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి ఉంటుంది. పునాదులు, స్తంభాలు ముందే పోసి ఊరికే ఇచ్చేసిన ఇల్లులాంటిది. గోడలు మనం కట్టుకోవాలి. ఏ స్తంభంలో ఇనుముందో, ఏ స్తంభంలో గాలి ఉందో చెప్పే పుస్తకం కూడా దాంతోపాటు ఇస్తారు. ఈ ఫ్రేమ్‌వర్కు వాళ్ళూ ఇచ్చారు. ఆ పుస్తకంలోకి దూరిన చీమ మూడు రోజులు తిరిగి, ఆకలితో బయటికి వచ్చి, స్పృహ తప్పి పడిపోయిందని చెప్పుకుంటారు.

ఆ ఫ్రేమ్‌వర్కుకు రెండు నెలల కిందట కొత్త వెర్షన్ వచ్చింది. పాతదాంట్లో దొంగలు దూరే కన్నం ఉందనీ, వెంటనే మార్చుకోవాలనీ నిన్న హెచ్చరిక వచ్చింది. నిప్పుకోడి మార్చింది. ఇవాళ పొద్దున్నే సెంటరు నుంచి హెడ్ సిస్టర్ ఫోను.

"ఏమ్మా, ఏడో కుర్చీకి కవలపిల్లల్ని పుట్టించావేంటి?"

"ఇద్దరికీ ఒకే టైమా, సిస్టర్?"

"ఒకే టైము, ఒకే కుర్చీ. ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళని కూర్చోబెట్టమంటావా? కుర్రాయన ఆయాసపడుతున్నాడని డాక్టరుగారు ఆయన్ని ఎక్కించారు. పెద్దాయన్ని పంపించేశాం. బస్టాండు వెనకాల దర్జీ. 'పర్వాలేదమ్మా, రేపొస్తా' అని నవ్వుతూ వెళ్ళాడు. కాళ్ళు చూస్తే దిండ్లలా ఉన్నాయి. రేపు కూడా తప్పిందంటే నవ్వుతూ రాడు, మోసుకొస్తారు."

"రేపటికి ఆయన పేరు మీరే చేత్తో ఎక్కించేయండి."

"ఎక్కిస్తా. అదే కుర్చీకి ఇంకో ముగ్గుర్ని నీ ప్రోగ్రాము ఎక్కిస్తుంది. పాతదే పెట్టెయ్యరాదూ, హాయిగా ఉండేది."

"కుదరదు సిస్టర్. రాత్రి నుంచి వచ్చిన బుకింగుల్ని కొత్తది తన పద్ధతిలో రాసేసుకుంది. పాతది వాటిని చదవలేదు."

"అయితే చూసుకో తల్లీ. సాయంత్రం ఆరింటికి రేపటి బుకింగు తెరుచుకుంటుంది. ఆరు కొట్టగానే యాభై మంది ఒక్కసారి నొక్కుతారు. నాకున్నవి పన్నెండు కుర్చీలూ, రెండు చెవులూ."

తప్పెక్కడుందో నిప్పుకోడి పావుగంటలో పట్టేసింది. ఒకరు కుర్చీని ఎంచుకోగానే, పని పూర్తయ్యేదాకా ఇంకొకరి చెయ్యి పడకుండా దానికి తాళం పడాలి. పాత వెర్షన్లో దానంతటదే పడేది. కొత్తదాంట్లో అందుకోసం "తాళం" అని ఒక మీట పెట్టారు. దాని గురించి పుస్తకంలో ఒక పేజీ. ఆ పేజీలో ఇలా ఉంది:

"తాళం: తాళం వేస్తుంది."

దాని కింద, "విలువలు: 0 నుంచి 4. మీ అవసరాన్ని బట్టి తగినది ఎంచుకోండి." దాని కింద "ఉదాహరణ" అన్న శీర్షిక. శీర్షిక కింద తెల్లటి ఖాళీ, ఉతికి ఆరేసిన దుప్పటిలా. అట్టడుగున, "ఈ పేజీ మీకు ఉపయోగపడిందా?" అని పైకి చూపే బొటనవేలు, కిందికి చూపే బొటనవేలు. నిప్పుకోడి కింది వేలును నొక్కింది. "ధన్యవాదాలు! మీ సంతోషమే మా సంతోషం" అంది పేజీ.

మీటను ఒక్కో అంకె మీదా పెట్టి చూసింది. సున్నా మీద ఒక కుర్చీలో ఇద్దరు. ఒకటి మీద ముగ్గురు. రెండు మీద ఎవరికీ కుర్చీ లేదు. మూడు మీద కుర్చీ దొరికినట్టే దొరికి మాయమైపోయింది. నాలుగు మీద ప్రోగ్రామంతా గుర్రుపెట్టి నిద్రపోయింది.

ఇక మిగిలింది ఆ సైటు. ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా ఒకరినొకరు ప్రశ్నలడిగే చోటు. ముప్పావుగంట కూర్చుని, ఏం చేసిందో, ఏం జరిగిందో, ఎన్ని రకాలుగా ప్రయత్నించిందో అంతా పూసగుచ్చినట్టు రాసి పెట్టింది. నాలుగు నిమిషాల్లో ఆ ప్రశ్నను మూసేశారు. ఇదివరకే ఎవరో అడిగారట. అదెక్కడో చూడమని లింకు ఇచ్చారు. అది ఆరేళ్ళ కిందటి ప్రశ్న. బటన్ మీద తాళంకప్ప బొమ్మకు రంగు మార్చడం ఎలా అని. దానికైనా జవాబు లేదు. అడిగినవాడే కింద "దొరికింది, థాంక్స్" అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఏం దొరికిందో వాడికీ దేవుడికీ తెలియాలి.

ఆమె ప్రశ్న కింద "ద్వారపాలకుడు" అనే పేరుతో ఒకాయన ముద్ర గుద్దినట్టు రాశాడు: "ఒకటి, వివరములు అసంపూర్ణము. రెండు, శ్రమ కనబడుట లేదు. మూడు, అడుగుట కూడ ఒక విద్య. తిప్పి పంపడమైనది."

నిప్పుకోడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది రోగుల వ్యవహారమని, సాయంత్రం ఆరే గడువని రాసింది. "ఉద్వేగములకు ఇచట తావు లేదు" అని దాన్ని చెరిపేశాడు. మళ్ళీ కొత్తగా అడిగింది. ఈసారి రెండు నిమిషాల్లో మూసి, మూడు రోజులపాటు ఆమె నోరు మెదపకుండా ఖాతాకు కూడా గొళ్ళెం పెట్టేశాడు.

"ఎవరినైనా అడగొచ్చుగా?" అన్నాడు మేనేజరు, అటుగా పోతూ.

"ఎవర్నండీ?"

"అదే, ఏదో సైటు ఉంటుందటగా."

నిప్పుకోడి కంప్యూటరు సంచీలో పెట్టుకుని ఇంటికి బయలుదేరింది. అక్కడే ఉంటే కీబోర్డు ఎవరి వీపు మీద విరిగేదో చెప్పలేం.

ఇంటికొచ్చేసరికి రెండున్నర. ముందుగదిలో బాబాయి కంప్యూటరు ముందు, కాళ్ళు స్టూలు మీద చాపుకుని, పడీపడీ నవ్వుతున్నాడు. పిన్ని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

బాబాయి ముప్పై నాలుగేళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. దరఖాస్తు తిప్పి పంపడంలో ఆయన్ని మించినవాడు లేడు. తాత పెట్టుకున్న అర్జీ ఆయన దగ్గర తిరిగి తిరిగి, చివరికి మనవడొచ్చి సంతకం పెట్టాడని ఆఫీసులో ఇప్పటికీ అంటారు. రిటైరయ్యాక చేతులు దురదపెట్టాయి. లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని ప్రోగ్రాములు కాస్త కూడబలుక్కుని నేర్చాడు. ఆ తర్వాత రోజంతా ఏదో సైటులోనే. ప్రపంచానికి సాయం చేస్తున్నారని పిన్ని చుట్టాలందరికీ చెప్పుకుంది.

"రావే నిప్పుకోడీ, వేళకొచ్చావు. ఇవాళ ఒక మహాతల్లి తగిలిందిలే! కుర్చీలంట, తాళాలంట. ఫర్నిచరు కొట్టో, ఆసుపత్రో మరి. ఒకసారి తిప్పి పంపితే బుద్ధి రాలా, మళ్ళీ వచ్చింది. గొళ్ళెం పెట్టి పారేశా!"

నిప్పుకోడి ఒక చెప్పు విప్పింది. రెండోది విప్పడం మరిచిపోయింది.

"ద్వారపాలకుడివి నువ్వా?"

"ఆ పేరు నీకెలా తెలుసే?"

"ఆ మహాతల్లిని నేనే గనక!"

పిన్ని చేతిలో దిండు గలీబు మడత సగంలో ఆగిపోయింది. బాబాయి కాళ్ళు స్టూలు మీంచి దించాడు.

"నువ్వు... నువ్వని రాయలేదే అందులో."

"అంటే నేనైతే చదివేవాడివా? అసలు చదివావా బాబాయ్? ఒక్క ముక్క?"

"చదవక్కర్లేదే. శీర్షికలో తాళం ఉంది. పాతదాంట్లోనూ తాళం ఉంది. రూలు రూలే."

"ఆ పాతది కప్పకు రంగెయ్యడం గురించి! ముప్పావుగంట రాశాను. నువ్వు నాలుగు నిమిషాల్లో తిప్పి కొట్టావు. శ్రమ కనబడలేదా? కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుంటే ఎవరి శ్రమ కనిపిస్తుంది? అక్కడ ఒకాయన రక్తంలో విషం పెట్టుకుని, వాచిన కాళ్ళతో ఇంటికి నడిచి వెళ్ళాడు. బస్టాండు వెనకాల దర్జీ. రేపు కూడా కుర్చీ దొరక్కపోతే ఆయనకెవరు చెబుతారు, వివరములు అసంపూర్ణము అని? నువ్వు చెబుతావా?"

"బస్టాండు వెనకాల దర్జీయా?" అంది పిన్ని. "సన్నగా, మెళ్ళో టేపుతో, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, ఆయనేనా? ఏవండీ, మీ రిటైర్మెంటు కోటు కుట్టింది ఆయనే. ఆరుసార్లు తిప్పి పంపారు మీరు. ఒక్కసారైనా మొహం చిట్లించాడా?"

బాబాయి కళ్ళజోడు కిందికి లాక్కుని, నిప్పుకోడి ప్రశ్నను మొదటిసారి చదివాడు. మెల్లగా, పెదవులు కదుపుతూ, చివరిదాకా.

"బానే రాశావే," అన్నాడు.

"తెరువు."

"మూసెయ్యడానికి నేనొక్కణ్ణి చాలు. తెరవాలంటే మావాళ్ళు ఐదుగురు ఒప్పుకోవాలి. వారం పడుతుంది. అయినా నీకెందుకు, నా పేరుతో నేనే అడుగుతా. నా మాట కాదనేవాడెవడు?"

దాన్నే తన పేరుతో, ఒక్క కామా కూడా తప్పిపోకుండా పెట్టాడు. మూడు నిమిషాల్లో మూసేశారు. ఆయన సైన్యంలోని ఇంకో కాపలాదారు కింద ముద్ర గుద్దాడు: "వివరములు అసంపూర్ణము. తిప్పి పంపడమైనది." ఆ మాటలు బాబాయి తయారుచేసి అందరికీ పంచిపెట్టినవే.

"నాకా!" బాబాయి కుర్చీలోంచి లేచాడు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. "నన్నా! చదివాడా వీడు? మూడు నిమిషాల్లో ఎలా చదివాడు?"

"నీకన్నా ఒక నిమిషం తొందరగా చదివాడు," అంది నిప్పుకోడి.

నాలుగింటిదాకా బాబాయి వాళ్ళతో పోట్లాడాడు. అవతలివాళ్ళు రూలు పదకొండు అన్నారు. ఆ రూలు రాసింది ఈయనే. గడియారం నాలుగూ ఇరవై చూపించేసరికి ఆయన గొంతు తగ్గింది.

"ఒక్కటే దారుంది. బహుమతి పెట్టి అడిగిన ప్రశ్నను ఎవరూ మూయలేరు. కానీ నామమాత్రపు బహుమతి అయితే ఎవడూ తలెత్తి చూడడు. నా పాయింట్లన్నీ పెట్టాలి. పెడితే..." ఆగాడు. ఆరేళ్ళపాటు కామాలు దిద్ది, ప్రశ్నలు మూసి కూడబెట్టిన పాయింట్లవి. అవి పోతే ద్వారం ఉండదు, పాలకుడూ ఉండడు. బయట నిలబడే వాళ్ళలో ఒకడు.

నిప్పుకోడి బతిమాలలేదు. గడియారం వైపు చూపించింది.

"పెట్టండి," అంది పిన్ని.

బాబాయి కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. నొక్కాడు.

ఐదుంపావుకు జవాబు వచ్చింది, ఊరూ మొహమూ తెలియని ఒకామె దగ్గర్నుంచి. బాబాయే పైకి చదివాడు. "మీటను మూడు మీద పెట్టండి. కానీ 'ఓపిక' అని ఇంకో మీట ఉంది, దాన్ని సున్నా నుంచి తీసి ఐదు చేయండి. అది సున్నా మీద ఉంటే తాళం వేసిన క్షణమే ఊడిపోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఫ్రేమ్‌వర్కు పేగులన్నీ విప్పి చూస్తే రెండు వారాలకు తెలిసింది. ఇదివరకు ఇద్దరు అడిగినప్పుడు జవాబు రాయబోయాను. రాస్తుండగానే రెండు ప్రశ్నల్నీ మూసేశారు. రెండింటినీ మూసింది..."

అక్కడ ఆగిపోయాడు. ఆ తర్వాతి మాట పైకి చదవలేదు. గదిలో ఎవరికీ అది వినాల్సిన అవసరమూ లేకపోయింది.

ఐదూ నలభైకి నిప్పుకోడి మీటలు రెండూ సరిచేసి, తనే దొంగ పేర్లతో నాలుగొందల బుకింగులు ఒక్కసారి కురిపించి చూసింది. కుర్చీకి ఒక్కరే. ఆరు కొట్టింది. ఆరూ ఏడుకు సిస్టర్ ఫోను.

"కవలలు లేరు తల్లీ. దర్జీగారు నాలుగో కుర్చీ, మొదటి బ్యాచ్."

మర్నాడు పొద్దున్న నిప్పుకోడి సెంటరుకు బయలుదేరితే బాబాయి కూడా వస్తానన్నాడు. దారిపొడుగునా ఏదో కూడబలుక్కున్నాడు. తీరా నాలుగో కుర్చీ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. చేతికి గొట్టాలతో వెనక్కి వాలి పడుకున్న దర్జీ ఆయన్ని చూసి గుర్తుపట్టాడు.

"ఏడోసారా సార్? కోటు చంకల దగ్గర పట్టేస్తోందా? పదింటికల్లా ఖాళీ అవుతాను, కొట్టుకు తీసుకురండి, సరిచేస్తా."

బాబాయి తల అడ్డంగా ఊపి, నిలువుగా ఊపి, చివరికి మంచినీళ్ళ సీసా ఎక్కడుందని అడుగుతూ అటు తిరిగాడు.

నిప్పుకోడికి నవ్వు రాలేదు. ఆమె చూపు దుప్పటి కిందినుంచి బయటికొచ్చిన ఆ పాదాల మీదే ఉంది. వరండాలోకి వచ్చి ఫోన్లో ఆ పేజీ తెరిచింది. "తాళం: తాళం వేస్తుంది" అనే ఉంది ఇంకా. కింద ఉన్న ఖాళీలో పెట్టమని మూడు, ఐదు, ఓపిక అంతా విడమరిచి రాసి, ఫ్రేమ్‌వర్కు వాళ్ళకు పంపింది. వెంటనే జవాబు వచ్చింది: మీ సూచన అందింది, వీలు చూసుకుని పరిశీలిస్తాం.

కింది బొటనవేలును నొక్కింది. ధన్యవాదాలంది పేజీ. మళ్ళీ నొక్కింది. మళ్ళీ.