మనిషితో పాటు దిగే వాసన

ఆ ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేది ఒక్కడే మనిషి. అరవై రెండేళ్ళవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే స్టూలు, అవే బొత్తాలు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. పైనున్న లాయర్ల నుంచి కింద మెట్లు తుడిచే ఆమె దాకా అందరికీ ఆయన సెంటు బాబాయే.

ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం. పొద్దున్నే ఇస్త్రీ చేసిన నీలం కోటు తొడుక్కుని, మెడకు అటు రెండు, ఇటు రెండు, కోటు మీద మూడు, వెరసి ఏడుసార్లు సెంటు కొట్టుకుని లిఫ్టులో నిలబడితే, భవనమంతా తనదే అన్నంత దర్జాగా ఉండేవాడు.

ఐదో అంతస్తులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు ఒకటి ఉంది. అందులో పనిచేసే అమ్మాయికి ఏడో నెల. ఆమె రెండు వారాలుగా లిఫ్టు మానేసి మెట్లెక్కి వెళ్తోంది.

“లిఫ్టు ఉండగా ఆ పాట్లెందుకమ్మా?” అని ఒకరోజు అడిగాడు.

“డాక్టరుగారు నడవమన్నారు బాబాయ్,” అంది ఆమె, ముఖం పక్కకు తిప్పుకుని.

నిజమే అనుకున్నాడు. నమ్మడమే కాదు, లిఫ్టెక్కిన ప్రతివాళ్ళకీ “ఆ పిల్లని చూసి నేర్చుకోవాలండీ, ఎంత ఓపికో!” అని మెచ్చుకుంటూ చెప్పాడు. విన్నవాళ్ళు నేల చూపులు చూశారు.

శుక్రవారం నాడు భవనం మేనేజరు ఆయన్ని గదికి పిలిచాడు. మేనేజరు వయసులో చిన్నవాడు. చాలాసేపు బల్ల మీది పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి నోరు విప్పాడు.

“ఏమనుకోకండి బాబాయ్. ఆ ప్లాన్ల అమ్మాయి మెట్లెక్కుతోంది నడక కోసం కాదు. నిన్న మూడో అంతస్తు మెట్ల మీద కూలబడి ఆయాసపడుతుంటే నేనే మంచినీళ్ళిచ్చాను. మీ సెంటు పడట్లేదట. వాంతులవుతున్నాయట. మీకు చెప్పడానికి మొహమాటం. ఇంకో ఇద్దరు కూడా అన్నారు. సోమవారం నుంచి సెంటు మానేయండి. కాదంటే మిమ్మల్ని కింద పార్కింగ్ గేటు దగ్గరికి మార్చాల్సి వస్తుంది.”

ఏడో నెల పిల్ల తన మూలంగా ఐదంతస్తులు కాళ్ళీడ్చుకుంటూ ఎక్కింది. తానేమో ఊరంతా టముకు వేశాడు. ఆ సాయంత్రం లిఫ్టు తలుపు తెరిచిన ప్రతిసారీ ఆయన కళ్ళు మెట్ల వైపే పోయాయి.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. రెండు వీధుల అవతల చెల్లెలు ఉంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. ఆ చెల్లెలు పనిచేసేది సెంట్లు సీసాల్లో నింపే కంపెనీలో. పంతొమ్మిదేళ్ళుగా సెంట్లలో కలిపే పరిమళ నూనెలు తూచే బల్ల ఆమెది. అక్కడ ఆమె ముక్కు మాటే చెల్లుబాటు. పెద్ద కెమిస్టులు కూడా సీసా మూత తీసి “ఏమంటావమ్మా?” అని ఆమె వైపే చూస్తారు. కానీ అన్నగారి సెంటు సంగతి ఆమెకు తెలియదు. సెంటు ఆయనకు డ్యూటీ సరుకు. ఆదివారం దాని జోలికి పోడు.

ఆ ఆదివారం అన్నం సగంలో ఆపి, జరిగింది చెప్పాడు. చెప్పి, “నాది నాసిరకంలా ఉందే. వాసన నిలవడం లేదు. కొట్టుకున్న పది నిమిషాలకి నాకే తెలియడం లేదు. మీ కంపెనీలో అన్నిటికన్నా గట్టిది ఏదో చెప్పు, అది కొనుక్కుంటాను. మంచిదైతే ఎవరూ మాట్లాడరు,” అన్నాడు.

చెల్లెలు చెయ్యి కడుక్కుంది. “పద, మీ ఇంటికి. ఆ సీసా చూడాలి.”

గదిలోకి వెళ్ళగానే ఆమె సీసాను వెలుతురుకి పట్టి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివింది. చదివి మంచం మీద కూర్చుండిపోయింది.

“రోజుకెన్నిసార్లు కొడుతున్నావు?”

“ఏడు.”

“ఏడా! అన్నయ్యా, దీనికన్నా గట్టిది ఉండదు. అచ్చమైన పర్ఫ్యూమ్. వంద చుక్కల్లో పాతిక చుక్కలు నూనే. దీన్ని వేలి చివరతో ఒక్క చుక్క రాసుకోవాలి. నువ్వు పెయింటు వేసినట్టు వేసుకుంటున్నావు.”

“మరి నాకెందుకు తెలియడం లేదు?”

“ఒకటి, రోజూ అదే వాసనైతే ఎవరి ముక్కైనా అలవాటుపడి ఊరుకుంటుంది. రెండు, వయసు. కళ్ళకి అద్దాలు వచ్చాయని ఒప్పుకున్నావు కదా, ముక్కు కూడా మందగిస్తుందంటే కోపమెందుకు? మూడు, నీ చర్మం. చెయ్యి చూడు, పొడి మట్టిలా ఉంది. వయసు మీదపడ్డాక ఒంట్లో జిడ్డు తగ్గుతుంది. దాని మీద సెంటు నిలవదు, ఎగిరిపోతుంది. ఎగిరి ఎక్కడికి పోతుంది? ఆ లిఫ్టు డబ్బాలోకి. ఎదుటివాళ్ళ గొంతులోకి.”

ఆమె ఒక పాత క్యాలెండరు వెనక నాలుగు గీతలు గీసి చూపించింది. అన్నిట్లో ఉండేది నూనె, స్పిరిటే. తేడా అంతా పాళ్ళలో. కొలోన్ అయితే వందకి నాలుగు చుక్కల నూనె, రెండు గంటల్లో మాయం. దాని పైది ఓ డి టాయిలెట్, వందకి పది.

“టాయిలెట్టా? ఒంటికి పూసుకునేదానికి అదేం పేరే!”

“పరాయి దేశం పేరు. ముస్తాబు అని అర్థం. నవ్వింది చాలు గానీ విను. దాని మీది ఓ డి పర్ఫ్యూమ్, వందకి పదిహేడు. ఆపైన నీ సీసా. గట్టిదంటే గొప్పదని కాదు. ఎక్కడ నిలబడతావు, ఎంత దగ్గరగా నిలబడతావు, చుట్టూ గాలి ఎంత. అది చూసుకుని పాళ్ళు ఎంచుకోవాలి. నువ్వు నిలబడేది బీరువా అంత చోట్లో.”

ఆయన తల వంచుకున్నాడు. “పూర్తిగా మానేస్తానే,” అన్నాడు.

“మానేయడానికి నీకు ఇష్టమేనా?”

ఆయన సీసా అందుకుని మూత తిప్పాడు. తర్వాత చిన్న గొంతుతో చెప్పాడు. రెండేళ్ళ కిందట మూడో అంతస్తులో సంగీతం నేర్చుకోవడానికి వచ్చే ఒక చిన్నపిల్ల లిఫ్టెక్కి, “అమ్మా, ఇక్కడ ముసలి వాసన వస్తోంది,” అందట. తల్లి ఆ పిల్ల నోరు నొక్కిందట. మర్నాడే ఆయన వెళ్ళి సీసా కొన్నాడు. అంగడివాణ్ణి అడిగింది ఒక్కటే: “సాయంత్రం దాకా నిలిచేది ఇవ్వు.”

చెల్లెలు లేచి వచ్చి, చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు ఆయన మెడ దగ్గర, చెవి వెనక వాసన చూసింది. “సబ్బు వాసన. ఇంకేం లేదు.” తర్వాత గోడకు తగిలించిన నీలం కోటు కాలరు ముక్కుకి ఆనించి, ఛీ అని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది.

“రాత్రిళ్ళు ఇదెక్కడ ఉంటుంది?”

“పైన, లిఫ్టు మోటారు గదిలో. శనివారం ఇస్త్రీకని ఇంటికి తెస్తాను, సీసాతో సహా.”

“గ్రీజు, చెమ్మ, పాత చెమట. డ్రై క్లీనింగుకి ఎప్పుడిచ్చావు?”

“పోయిన వానల ముందు.”

“ఈ వానలు కూడా అయిపోయాయి అన్నయ్యా! ఆ పిల్లకి వచ్చింది నీ వాసన కాదు, కోటు వాసన. రెండేళ్ళుగా కోటు చేసిన తప్పుకి ఊళ్ళోవాళ్ళకి శిక్ష వేస్తున్నావు.”

ఆయన ముందు బిత్తరపోయాడు. తర్వాత నవ్వాడు. నవ్వుతూనే తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. చెల్లెలు చూడనట్టు కిటికీ తెరవడానికి వెళ్ళింది.

కోటు ఆ సాయంత్రమే డ్రై క్లీనింగుకి వెళ్ళింది. సోమవారం పొద్దున చెల్లెలు సెలవు పెట్టి, అన్నతో కలిసి మేనేజరు గదికి వెళ్ళింది.

“బాబూ, సెంటు మానకుండానే సరిచేస్తాం, నాకు మూడు రోజులివ్వండి. బుధవారం సాయంత్రానికి మీ లిఫ్టులో ఎవరికీ ఇబ్బంది లేకపోతే మా అన్నయ్య స్టూలు ఆయనదే. ఉంటే గేటు దగ్గరికి నేనే కుర్చీ మోసుకెళ్ళి వేస్తాను,” అంది.

మేనేజరుకి ఆమె ధోరణి చూశాక కాదనబుద్ధి కాలేదు.

సోమవారం పాత సీసాతోనే మొదలుపెట్టింది, కానీ గుండె మీద ఒకే ఒక్క చుక్క. పొద్దున్న బాగానే ఉంది. ఆమె గంటకోసారి అన్నని బయటికి పిలిచి, తలుపు మూసి, నిమిషం ఆగి, ఒక్కతే లోపలికి వెళ్ళి వాసన చూసేది. మధ్యాహ్నానికి లిఫ్టు వేడెక్కింది. చుక్క కూడా వేడెక్కింది. డబ్బాలో తీపి పాకంలాంటి వాసన గడ్డకట్టినట్టు నిలిచిపోయింది.

“నువ్వు దిగావు గానీ ఇది దిగలేదు. మనిషితో పాటు వాసన కూడా దిగాలి. ఇది వద్దు,” అంది.

మంగళవారం కొలోన్. అన్నిట్లోకీ తేలిక కదా అని ఆయన ధైర్యంగా ఉన్నాడు. పదయ్యేసరికి వాసన పోయింది. చెల్లెలు కింద వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా ఆయన లిఫ్టులో జేబులోంచి సీసా తీసి గుట్టుగా ఒకసారి, పన్నెండింటికి ఇంకోసారి, రెండున్నరకి మరోసారి కొట్టుకున్నాడు. నాలుగో అంతస్తు పళ్ళ డాక్టరు లిఫ్టెక్కి, చుట్టూ చూసి, “బాబాయ్, ఇక్కడ క్షౌరశాల పెట్టారా ఏంటి?” అన్నాడు. దాంతో దొంగతనం బయటపడింది.

“తేలికదని నాలుగుసార్లు కొట్టుకుంటే అది తేలికెలా అవుతుంది?” అని చెల్లెలు సీసా లాక్కుంది. “తప్పు నీది కూడా కాదులే. రోజంతా డ్యూటీ చేసేవాళ్ళకి ఇది ఆగదు.”

“మరి ఆ పదిహేడు చుక్కలది?”

“అది ఆరుబయట తిరిగేవాళ్ళకి. మన బీరువాలో వద్దు.”

బుధవారం ఆమె పొద్దున ఆరున్నరకే అన్న ఇంటికి వచ్చింది. స్నానం కాగానే ఒంటికి వాసన లేని క్రీము రాసుకోమంది. పది నిమిషాలు ఆగి, ఓ డి టాయిలెట్ చొక్కా కింద ఛాతీ మీద రెండుసార్లు మాత్రం కొట్టింది. దేవదారు చెక్క వాసనది, తీపి లేనిది తనే ఎంచింది. మెడకు లేదు. కోటుకు అసలే లేదు. కోటు అప్పటికే శుభ్రమై వచ్చింది.

“డ్యూటీకి గంట ముందే అయిపోవాలి. స్పిరిటు ఘాటు ఇంట్లోనే వదిలేసి వెళ్తావు.”

ఆయన చొక్కాలోకి ముక్కు దూర్చాడు. “నాకేం తెలియడం లేదు.”

“తెలియదు.”

“నాకే తెలియనప్పుడు ఉన్నట్టా లేనట్టా? ఇంకొక్కసారి కొట్టు.”

“కొట్టను. నీ ముక్కుని నమ్మకు, నా ముక్కుని నమ్ము. పంతొమ్మిదేళ్ళుగా నన్ను నమ్మి కంపెనీ నడుస్తోంది, నువ్వొక్క రోజు నడవలేవా?”

ఆయన గొణుక్కుంటూ కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. దారిలో రెండుసార్లు మణికట్టు వాసన చూసుకుని, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి చెయ్యి దించాడు.

తొమ్మిదింటికి ప్లాన్ల అమ్మాయి వచ్చి మెట్ల వైపు తిరిగింది. చెల్లెలు ఎదురెళ్ళింది.

“అమ్మాయ్, నేను ఆ లిఫ్టాయన చెల్లెల్ని. నువ్వు మెట్లెందుకు ఎక్కుతున్నావో మాకు తెలుసు. తప్పు మాదే. ఇవాళ ఒక్కసారి లిఫ్టెక్కి చూడు. పడకపోతే ఏ అంతస్తులో చెప్తే అక్కడ ఆపుతాం. నేనూ నీ పక్కనే ఉంటాను.”

ఆ అమ్మాయి సిగ్గుపడింది. “అయ్యో, బాబాయ్‌కి చెప్పేశారా! నాకీ నెలల్లో ఏదీ పడట్లేదండీ, మా ఇంట్లో సబ్బు కూడా…” అంటూ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి అడుగేసింది.

తలుపు మూసుకుంది. సెంటు బాబాయ్ ఊపిరి కూడా బిగబట్టాడు, తన ఊపిరికేదో వాసన ఉన్నట్టు. రెండో అంతస్తు దాటింది. మూడో అంతస్తు దగ్గర ఆమె రుమాలు కొంచెం దించి, జాగ్రత్తగా గాలి పీల్చింది. నాలుగో అంతస్తుకి రుమాలు సంచిలో పెట్టేసుకుంది.

ఐదో అంతస్తులో దిగుతూ, “ఏదో కొత్త బీరువా తలుపు తీసినట్టుంది బాబాయ్. బాగుంది,” అంది.

“సాయంత్రం కూడా ఇందులోనే దిగమ్మా,” అన్నాడాయన. ఆ అంతస్తు తలుపు మూసుకున్నాక చెల్లెలి వైపు తిరిగి, “క్షమించమని అడగడం మర్చిపోయానే,” అన్నాడు. సాయంత్రం ఆమె దిగేటప్పుడు మర్చిపోకుండా అడిగాడు.

మేనేజరు ఆ తర్వాత గేటు మాట ఎత్తలేదు. గురువారం చెల్లెలు తన తూకాల బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన రోజూ రెండే సార్లు కొట్టుకుంటున్నాడు. తనకు తెలియని వాసనను నమ్మడం మొదటి వారం కష్టమైంది, తర్వాత అలవాటైంది. కోటు నెలకోసారి ఇచ్చి వస్తున్నాడు.

ప్రసూతి సెలవు మీద వెళ్ళే ముందురోజు ప్లాన్ల అమ్మాయి లిఫ్టులో అడిగింది: “బాబాయ్, మా మామగారికి అరవై ఐదు నిండుతున్నాయి. ఒక సెంటు కొనిద్దామనుకుంటున్నాం. గట్టిది చూసి కొనమంటున్నారు మావారు. మీరేమంటారు?”

సెంటు బాబాయ్ ఐదో అంతస్తులో లిఫ్టు ఆపి, తలుపు తెరిచి, చేత్తో అడ్డం పట్టుకున్నాడు.

“గట్టిదా కాదా అన్నది తర్వాతమ్మా. ముందు నేనడిగేవి చెప్పు. ఆయన చర్మం పొడిదా, జిడ్డుదా? రోజంతా ఎక్కడ కూర్చుంటారు, గదిలోనా, ఆరుబయటా? ఆయన పక్కన దగ్గరగా కూర్చునేదెవరు?”

“మా అత్తయ్య. రేపు పుట్టాక పాప కూడా.”

“అదీ, అసలు సంగతి అక్కడుంది! చంటిపిల్ల ఉన్న ఇంట్లో పర్ఫ్యూమ్ మాటెత్తకు. టాయిలెట్ తీసుకో. నవ్వకు, అంటే ముస్తాబు అని అర్థం. ఒక వాసన లేని క్రీము కూడా కొను. పాపని ఎత్తుకునేటప్పుడు అదీ వద్దను. ఇంకోటి, ఆయన కోట్లు, శాలువాలు ఎన్నాళ్ళకోసారి ఉతుకుతారు?”

ఏడో అంతస్తు నుంచి ఎవరో గంట నొక్కుతూనే ఉన్నారు. ఆ అమ్మాయి పెన్ను తీసి, ప్లాను కాగితం అంచున రాసుకుంటోంది. ఆయన తలుపు వదలకుండా, తొందరేం లేదన్నట్టు, ఒక్కొక్కటే విడమరిచి చెబుతున్నాడు.