సేవ్ అయ్యేదాకా

స్కాట్లాండ్‌లోని మా డండీలో ఆడవాళ్ళం ఫ్యాక్టరీకి పోతే మగాళ్ళు ఇంట్లో టీ నీళ్ళు కాచేవాళ్ళు. మా ఆయన ఫెర్గస్‌కి అదీ చేతకాదు, తాగడం తప్ప. నేను హోమ్ కంప్యూటర్లు బిగించేదాన్ని. ఒకటి ఇంటికి తెచ్చుకుని, టీవీకి తగిలించి, చలికాలమంతా కూర్చుని ఒక కంప్యూటర్ ఆట రాశాను. అప్పట్లో ఆటల్ని కూడా పాటల్లాగే టేపు క్యాసెట్ల మీద ఎక్కించి అమ్మేవాళ్ళు. ఆట ఎక్కించిన క్యాసెట్ తెస్తే కొంటానని ఒక దుకాణంవాడు మాటిచ్చాడు. ఆ డబ్బుతో వేరే గది చూసుకుని వీడి పీడ వదిలించుకోవాలని నా ఆశ.

ఆ సాయంత్రానికి ఆట పూర్తయింది. తీరా చూస్తే, నేను అప్పటిదాకా రాసిన ఆట దాచుకున్న క్యాసెట్ మీద ఫెర్గస్ రేడియోలో వచ్చిన ఫుట్‌బాల్ కామెంటరీ ఎక్కించేశాడు! ఇక ఆట ఉన్నది మెషిన్‌లోనే, కరెంటు తీస్తే అదీ పోతుంది. మెషిన్‌కి వైరుతో కలిపిన టేప్ రికార్డర్‌లో కొత్త క్యాసెట్ పెట్టి రికార్డ్ నొక్కాను. ఆట క్యాసెట్‌లోకి ఎక్కుతోందన్నట్టు టీవీ అంచున చారలు పరిగెత్తడం మొదలైంది.

ఫెర్గస్ తూలుతూ వచ్చాడు. "ఒసేయ్, మ్యాచ్ చూడాలి. తియ్ దాన్ని."

"కాస్త ఆగు. చారలు ఆగగానే తీస్తా."

"నా టీవీకి నన్నే ఆగమంటావా?"

మొదటి దెబ్బకే నోట్లో రక్తం. మెషిన్ మీద బోర్లా పడుకున్నాను. డొక్కలో తన్నాడు, జుట్టు పట్టి ఈడ్చాడు. నేనూ ఊరుకోలేదు, బొగ్గులు కెలికే ఊచ అందుకుని మోకాలి మీద ఒక్కటిచ్చాను. దాంతో వాడికి పిచ్చెక్కింది. రికార్డర్‌కి పోయే వైరు పీకేశాడు. నా చెయ్యి మెలిపెట్టి విరిచాడు.

"పోయినసారి మెట్ల మీంచి తోసినా అందరూ నువ్వే జారావన్నారు. ఈసారి చంపినా అదే అంటారే!"

ఆఖరికి మెషిన్ ప్లగ్గూ పీకాడు. టీవీ చీకటైపోయింది. చెయ్యి కంటే అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

తెల్లారి చేతికి కట్టుతో, రికార్డర్ చంకన పెట్టుకుని అత్తగారు నెట్టా ఇంటికి పోయాను. నన్ను చూడగానే ఎప్పటి పాటే. "మళ్ళీ పడ్డావా? మావాడు చెయ్యెత్తే రకం కాదమ్మా."

ఆట సగమైనా ఎక్కిందేమోనని టేపు వేశాను. ఆట ఎక్కిన మేర కాసేపు కీచుమని గోల. తర్వాత టక్కుమంది, ఫెర్గస్ గొంతు వినబడింది. వైరు ఊడగానే రికార్డర్‌లోని మైకు గదిలో జరిగిందంతా పట్టేసింది. ఎముక విరిగిన చప్పుడు కూడా.

నెట్టా మొహం పాలిపోయింది.

"అచ్చం వాళ్ళ నాన్న గొంతే," అంది.

"నా ఆట పోయింది అత్తయ్యా," అని భోరుమన్నాను.

ఆవిడ లేచి కోటు తొడుక్కుంది. గుండీలు కూడా పెట్టుకోలేదు.

"పోలీస్ స్టేషన్లో ఇలాంటి డబ్బా ఉంటుందో లేదో," అంటూ రికార్డర్ ఎత్తుకుంది. "ఇదే పట్టుకుపోదాం, పద."