ఆఖరి లైను లేని టేపు

నేను ఒక పావు అంగుళం వెడల్పు గోధుమరంగు టేపుని. చక్రానికి చుట్టుకుని పడుకున్నాను గానీ, విప్పితే పన్నెండు వందల అడుగులు ఉంటాను. అంత పొడుగున నాలో ఉన్నది ఒకే ఒక్క పాట. ఆ పాట మీరు వినలేదు, మీ నాన్నగారూ వినలేదు. అది రేడియోలో రాలేదు, పెళ్లిపందిట్లో మోగలేదు. గొప్పలు పోతున్నాననుకోకండి, తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకున్న రెండు గొంతులు కలిసి పాడిన పాట ఇంకెక్కడా లేదు.

నేను పుట్టింది జర్మనీలో. ప్లాస్టిక్ పట్టీ మీద తుప్పులాంటి పొడి పూసి నన్ను చేశారు. మనుషులు తుప్పు పట్టిన వస్తువుని పారేస్తారు. నన్ను మాత్రం తుప్పుతోనే తయారుచేసి, అట్టపెట్టెలో భద్రంగా పెట్టి ఓడెక్కించారు. అలా మద్రాసులో వడపళని దగ్గర ఒక స్టూడియోకి చేరాను.

అక్కడి సౌండ్ ఇంజనీరు పేరు పేర్రాజు. ముప్పై ఏళ్లవాడు. చెవులు పాదరసం, మిగతా ఒళ్లంతా మొహమాటం. గెద్దాడ సత్యలింగం గారి చేత, పెదపాటి హైమావతి గారి చేత కలిపి ఒక పాట పాడించాలని అతనికి ఒకటే యావ. సత్యలింగం గారు పద్యం ఎత్తుకుంటే కాకినాడలో జనం వన్స్‌మోర్ అని పందిరి ఎగిరిపోయేలా అరిచేవారు. హైమావతి గారి పాట రేడియోలో వస్తుంటే తెనాలిలో పొయ్యిల మీద పాలు పొంగిపోయేవి. ఆయన గొప్పా ఈవిడ గొప్పా అని హోటళ్లలో వాదించుకుంటూ జనం కాఫీలు చల్లార్చుకునేవారు. వాళ్లిద్దరూ మాత్రం ఒకరి పాట ఒకరు చాటుగా వినేవారట. మైకు పనిచేస్తోందని మరిచిపోయి వాళ్లే చెప్పుకున్నారు. అప్పటికి నన్నింకా తిప్పలేదు, అవి నాలో పడలేదు గానీ నేను విన్నాను.

పంతొమ్మిది వందల డెబ్బై రెండులో, ఒక మంగళవారం పొద్దున ఇద్దరూ వచ్చారు. ముందు శ్రుతి దగ్గరే గంట గడిచింది. ఆవిడ కోసం ఆయన అర శ్రుతి పెంచమన్నారు, ఆయన కోసం ఆవిడ అర శ్రుతి తగ్గించమన్నారు. హార్మోనియం ఆయన ఎవరి మాట వినాలో తెలియక వేళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

పాట చాలా సులువైనది. ఏటికి ఇవతలి ఒడ్డున ఒకరు, అవతలి ఒడ్డున ఒకరు. పాటంతా ఒకరినొకరు పిలుచుకుంటారు. ఆఖరి లైను ఒక్కటే జవాబు: ‘వస్తున్నాను, అక్కడే ఉండు.’ ఆ జవాబు ఎవరు చెప్పాలో కవి రాయలేదు. ఎవరు పాడినా బాగుంటుందన్నాడు.

నాటకాలవాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు కలిసి పాడితే ముగింపు పెద్దవారిది. సత్యలింగం గారు వయసులో ఐదేళ్లు పెద్ద. హైమావతి గారు తొమ్మిదో ఏటే స్టేజీ ఎక్కారు కాబట్టి అనుభవంలో పెద్ద. ఎవరికి వారు అవతలివారే పెద్ద అని మనసులో తీర్మానించుకున్నారు. నోరు తెరిచి అడిగినవాళ్లు లేరు.

మొదటి టేకే అద్భుతంగా వచ్చింది. ఆయన గొంతు ఏనాడూ అంత మెత్తగా లేదు, ఆవిడ గొంతు ఏనాడూ అంత తెగించి పైకి పోలేదు. చివరికి వచ్చేసరికి వయొలిన్లు దారి ఇచ్చాయి, తబలా ఆగి మళ్లీ అందుకుంది. ఆఖరి లైను ఎవరూ అందుకోలేదు. వాద్యాలు వాటంతటవి వాయించుకుని ముగించేశాయి.

"అయ్యబాబోయ్, తమరు అందుకుంటారని ఆగానండి," అన్నారు సత్యలింగం గారు.

"అదేమిటండీ! పెద్దవారు మీరుండగా నేనెట్లా అందుకుంటాను?"

"నేను వయసుకి పెద్దనండి, పాటకి కాదండి. ముగింపు తమరిదేనండి."

"ఆ మాట అనబాకండి. మీదే."

ఇద్దరూ నవ్వుకున్నారు. వయొలిన్లవాళ్లు అప్పటికే ఇంకో స్టూడియోకి బయల్దేరుతున్నారు. ఆ ఒక్క లైను రేపు పాడి కలిపేద్దాం అనుకుని లేచారు.

మర్నాడు పేర్రాజు నన్ను మిషను మీదికి ఎక్కించి సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. తను వెళితే ఆవిడ మళ్లీ మొహమాటపడతారని సత్యలింగం గారు రాలేదు. తను లేకపోతే ఆయనే పాడేస్తారని హైమావతి గారు రాలేదు. ఇంత మర్యాద మనుషులకే సాధ్యం.

తర్వాత ఆ మర్యాదే పులిసింది. ఆవిడకి తన పాట నచ్చలేదు కాబోలని ఆయన, ఆయనకి తన పక్కన పాడటం చిన్నతనం కాబోలని ఆవిడ అనుకున్నారు. పేర్రాజు ఉత్తరాలు రాస్తే ఇద్దరి దగ్గర్నుంచీ ఒకటే జవాబు, ‘వారు ఎప్పుడంటే అప్పుడే.’ పోనీ ఆఖరి లైను లేకుండానే పాటని బయటికి తెద్దామంటే, ముగింపు లేని పాటని పదిమందిలో పెట్టకూడదని ఇద్దరూ వద్దన్నారు. "అమ్మా, మీరే పాడండి" అని పేర్రాజు గట్టిగా ఒక్క మాట అంటే సరిపోయేది. అంత పెద్దవాళ్లతో ఆ మాట అనడానికి అతనికి నోరు రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే అతని మీద నాకు ఇప్పటికీ కోపమే.

టేపులు కరువైనప్పుడల్లా స్టూడియోలో పాతవాటిని చెరిపి వాడుకునేవారు. నన్ను కాపాడటానికి పేర్రాజు నా పెట్టె మీద ‘పాడైన టేపు, వాడవద్దు’ అని రాశాడు. పదకొండేళ్లు ఆ పేరుతోనే బతికాను. ఈలోగా సత్యలింగం గారికి గొంతులో జబ్బు చేసింది. ముందు పాట పోయింది, తర్వాత మాట పోయింది, ఆ తర్వాత ఆయనా పోయారు. ఆ రోజు పేర్రాజు నా పెట్టె ఒళ్లో పెట్టుకుని, "నాదే తప్పు" అని ఏడ్చాడు. ఇంకొన్నాళ్లకి స్టూడియో మూసేశారు. పెట్టె మీద రాత చూసి నన్ను చెత్తలో వేస్తే, అతనే వెతికి తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

రికార్డింగు జరిగిన ముప్పై తొమ్మిదేళ్లకి, అరవై తొమ్మిదేళ్ల పేర్రాజు నన్నూ రెండు మిషన్లనూ కారులో వేసుకుని తెనాలిలో హైమావతి గారింటికి వెళ్లాడు. ఒక మిషను నన్ను పలికించడానికి, రెండోది ఆవిడ గొంతు పట్టుకోవడానికి. ఆవిడకి డెబ్బై తొమ్మిది.

"ముగింపు మీదేనమ్మా," అన్నాడు పేర్రాజు. "మీరే పాడాలి." ఎట్టకేలకు అన్నాడు.

ఆవిడ నా పెట్టె మీద చెయ్యి వేశారు. "ముందొకసారి వినిపించు నాయనా. ఆయన గొంతు విని ఎన్నాళ్లయిందో! విన్నాక పాడతాలే," అన్నారు.

నన్ను తిప్పారు. పెట్టెలో పడుకున్నప్పుడు నాకు పక్క గదిలో మాటలు కూడా వినపడతాయి. కానీ తిరుగుతూ పలికేటప్పుడు నా పాట తప్ప నాకింకేమీ వినపడదు. చరణాలయ్యాయి, వయొలిన్లు దారి ఇచ్చాయి, తబలా అందుకుంది, పాట అయిపోయింది. నేను ఆగేసరికి గదిలో పేర్రాజు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నా లైను పట్టావా పేర్రాజూ?" అని అడిగారు ఆవిడ.

"లేదమ్మా. బటను మీద వేలుంది. మీరు అందుకోగానే వింటూ ఉండిపోయాను. ఇంకొక్కసారి పాడండమ్మా, ఇప్పుడే పడతాను."

"వస్తున్నానని ఆయనతో చెప్పేశాను నాయనా. పదేపదే చెప్పే మాట కాదది," అన్నారు ఆవిడ.

ఆ ఏడాది శ్రావణంలో ఆవిడ పోయారు. నేను పేర్రాజు బీరువాలో దుప్పట్ల కింద ఉన్నాను. నలభై ఏళ్లు నేను ఎదురుచూసిన లైనుని నాకు రెండడుగుల దూరంలో పాడారు. ఆవిడ ఎలా పాడారో పేర్రాజుని అడగాలని ఉంటుంది. నాకు నోరుంది గానీ, అందులో ఆ పాట తప్ప ఇంకో మాట లేదు.